అల్లం ముందా, పాలు ముందా

అల్లం టీ పెడుతుంటే పాలు విరిగాయంటే తిట్లన్నీ పాలవాడికే. నిన్నటి పాలు కలిపాడనో, ప్యాకెట్టు ఎండలో పెట్టాడనో అంటాం. చాలాసార్లు ఆ పాపం అల్లానిది. పచ్చి అల్లంలో జింజిబెయిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. మాంసకృత్తులను ముక్కలు చేయడం దాని పని. పాలు 60, 70 డిగ్రీల వేడి మీద ఉండగా దానికి చిక్కాయా, ఇక విరిగినట్టే. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు వాళ్ళు ఈ పని కావాలనే చేస్తారు. గిన్నెలో అల్లం రసం పోసి, దాని మీద వేడిపాలు పోసి, గడ్డకట్టాక చెంచాతో తింటారు. మనకు కావలసింది టీ కాబట్టి, దంచిన అల్లాన్ని ముందుగా నీళ్ళలో వేసి నాలుగైదు నిమిషాలు తెర్లనిస్తే చాలు. ఆ మరుగుకి ఎంజైమ్ చచ్చి ఊరుకుంటుంది. ఆ తరువాత పాలు నిర్భయంగా పోసుకోవచ్చు.

మసాలా టీ గురించి నేను చెప్పదలచిందంతా ఇంచుమించు ఇదే. ఏది ఎప్పుడు పడాలన్నదే అసలు సంగతి. ఏమేం వేయాలన్నది దాని తరువాతి మాట. మసాలా డబ్బాల మీద చూస్తే వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. పదో పన్నెండో దినుసుల పేర్లు వరసగా అచ్చేసి, అన్నీ కలిపి ఒకేసారి మరిగించమంటారు. అలా కాచిన టీలో ఏ దినుసు ఎటు పోయిందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. వేడిగా, ఘాటుగా, గోధుమరంగులో ఏదో ఉంటుంది, అంతే.

దానికీ ముందు ఇంకొక ప్రశ్న ఉంది. మన వంటింట్లో ఉన్న టీపొడి రుచేమిటో మనకు తెలుసా? పాలు, పంచదార, అల్లం ఏమీ లేకుండా దాన్ని ఒక్కసారైనా చవిచూసినవాళ్ళు తక్కువ. కూనూరు, గువాహటి, కోల్‌కతా లాంటి వేలం కేంద్రాల్లో అదే ఉద్యోగంగా బతికేవాళ్ళున్నారు. తెల్ల పింగాణీ గిన్నెలు బారుగా పెట్టుకుని, చెంచాతో తీసుకుని, గదంతా వినబడేటట్టు జుర్రి, నాలుక మీద ఒక తిప్పు తిప్పి ఉమ్మేస్తారు. మన ఇళ్ళలో పిల్లలు అలా జుర్రితే మొట్టికాయ పడుతుంది. అక్కడ జుర్రకపోతే పనికిరారు. గాలి కలిస్తేనే కదా వాసన ముక్కులోకి ఎక్కేది! ఈ రుచి చూడటానికి టీ ఎలా కాచాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఒకటుంది, ఐఎస్ఓ 3103 అని, 1980 నాటిది. 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, మరిగే నీళ్ళు, మూత, 6 నిమిషాలు. దీనికి జోడుగా ఉన్న బ్రిటిష్ ప్రమాణానికి 1999లో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చి నవ్వుకున్నారు. నాకైతే అందులో నవ్వవలసిందేమీ కనిపించలేదు. పప్పుకి ఎన్ని విజిళ్ళో తేల్చడానికి మా ఇంట్లో జరిగే చర్చ కంటే అది చాలా పొట్టిది.

ఇంట్లో ఈ పరీక్షకి త్రాసు అక్కర్లేదు. తలకొట్టిన చిన్న చెంచాడు పొడి, అరగ్లాసు నీళ్ళు, గోడ గడియారం ఉంటే చాలు. బజారులో మనకు దొరికేది దాదాపు అంతా సీటీసీ టీ. పళ్ళున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చీల్చి, చుట్టి సన్నటి గుళికలు చేస్తారు. 1930ల మొదట్లో అస్సాంలో విలియం మెకెర్చర్ అనే ఆయన రూపొందించిన యంత్రం అది. ఆకు కణాలు పూర్తిగా చితికిపోతాయి కాబట్టి రంగూ వగరూ గబగబా దిగుతాయి. ఇంకా సన్నగా ఉండే డస్ట్ అయితే మరీ తొందరగా దిగుతుంది. హోటళ్ళవాళ్ళకి అదంటే ప్రాణం, దక్షిణాదిలో దాని అమ్మకం కూడా ఎక్కువే. అస్సాం సీటీసీని వట్టిగా తాగితే రాగిమాల్టు వాసన లాంటిది తగులుతుంది, వెనకాలే నాలుకను పట్టేసే వగరు. నీలగిరి టీ అంత బరువుండదు, వాసన మాత్రం ముందుగా పలకరిస్తుంది. పొడవాటి ఆకుతో చేసే ఆర్థడాక్స్ టీ ఇంకా సున్నితం. దాని మీద అల్లం పడితే దాని పని అయిపోయినట్టే. ఖరీదైన టీ తెచ్చి అందులో దాల్చినచెక్క, లవంగం వేసేవాళ్ళని చూస్తే, డబ్బు ఎక్కువైంది కాబోలు అనుకుంటాను. మసాలాకి ఎదురునిలిచేది వగరున్న సీటీసీయే. అది చవక కావడం మన అదృష్టం.

ఆ వగరుని పాలు ఎలా లొంగదీస్తాయో కూడా అదే టీలో కాసిని పాలు పోస్తే తెలిసిపోతుంది. టీలోని పాలీఫినాల్స్‌ని పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి పట్టుకుని బిగిస్తుంది. నాలుకను బిగించవలసినవి పాలకే చుట్టుకుపోతాయి. చిక్కటి పాలు పోస్తే పొడి కూడా ఆ మేరకు పెంచాలి, లేకపోతే మిగిలేది రంగు పాలే. ఫుల్‌క్రీమ్ పాలలో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3 శాతం. ఇంట్లో ప్యాకెట్టు మారిందంటే టీ లెక్క మారాలి. మా ఇంట్లో ప్యాకెట్టు మార్చింది ఎవరైనా, మాట పడేది టీ పెట్టినవాళ్ళే.

ఇక దినుసులు. ఒక సాయంత్రం పూట ఈ పని సరదాగా చేయవచ్చు. మసాలా లేని పాలటీ ఒక గిన్నెడు కాచి చిన్న గ్లాసుల్లో పోయాలి. ఒక్కో దినుసుని విడిగా కాసిని నీళ్ళలో మరిగించి, ఒక్కో గ్లాసులో ఒక్కో చెంచాడు కలపాలి. ఒక గ్లాసుని ఏమీ కలపకుండా పక్కన ఉంచాలి. ప్రతిదాని తరువాతా ఆ వట్టి టీని ఒక గుటక వేస్తే తేడా తేలుతుంది. నేను ఇలా చేసినప్పుడు మా ఆయనకు లవంగం గ్లాసు అందింది. నోట్లో పోసుకోగానే పంటి డాక్టరు కుర్చీ గుర్తొచ్చిందన్నారు. ఆయన నాలుక తప్పు చెప్పలేదు. లవంగంలో ఉండే యూజెనాల్‌నే పంటి వైద్యంలోనూ వాడతారు, నాలుకను తిమ్మిరెక్కిస్తుంది. నలుగురికి కాచే టీలో ఒక్క లవంగం చాలు, అదీ ఇష్టమైతేనే. రెండోది వేశారంటే టీని మరచిపోవచ్చు.

దాల్చినచెక్క పేరుతో మన కిరాణా కొట్లలో దొరికే దళసరి, గట్టి బెరడు చాలావరకు కేసియా. సిలోన్ దాల్చినచెక్క కాగితపు పొరల్లా పలచగా చుట్టుకుని ఉంటుంది, చేత్తో నలిపితే విరుగుతుంది, వాసన మెత్తన. ఏదైనా సరే మొదట్లోనే నీళ్ళలో పడాలి, బెరడు నుంచి రుచి రావడానికి టైము పడుతుంది. తొందరపడి పొడి వేస్తే గ్లాసు అడుగున జిగురు చేరుతుంది. ఆ ఆఖరి గుటక ఎవరూ తాగరు.

మిరియం సంగతి వేరు. దాని ఘాటుకి కారణమైన పిపరిన్ నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వులో బాగా కరుగుతుంది. అందుకే కచ్చాపచ్చాగా దంచిన మిరియం పాలతోపాటు పడాలి. అరకు వైపు కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగలు పాకించి పెంచుతారు. ఆ మిరియాలు దొరికితే వాసన కూడా బాగుంటుంది. నాలుగు గింజలు చాలు. టీ తాగేటప్పుడు ఘాటు తెలియదు, మింగాక గొంతులో మెల్లగా రాజుకుంటుంది. జలుబు చేసినప్పుడు మనం వెతుక్కునేది దాన్నే.

ఏలకులది అన్నిటికంటే చివరి వంతు. ఆ వాసనంతా గింజలలోని ఆవిరయ్యే నూనెలో ఉంటుంది. మరిగేకొద్దీ అది వీధిలోకి పోతుంది. వంటిల్లంతా ఘుమఘుమలాడిందంటే గ్లాసులోకి రావలసింది గాలిలోకి పోయిందని అర్థం. స్టవ్ ఆపాక, అప్పటికప్పుడు దంచిన ఏలకులు వేసి, రెండు నిమిషాలు మూతపెట్టి, ఆ తరువాత వడకట్టాలి. కాయ ఆకుపచ్చగా, గింజ నల్లగా, కాస్త జిడ్డుగా ఉండాలి. తెల్లబడిన కాయలు చవకే గాని వాటిలో మిగిలింది తొక్కే. మంచి కాయల తొక్కలు మాత్రం పారేయనక్కర్లేదు, పంచదార డబ్బాలో వేస్తే అవి కూడా తమ వంతు చేస్తాయి.

శొంఠికి అల్లం బదులు కూర్చునే హక్కు ఉందా అని నన్నడిగితే, లేదంటాను. అల్లం ఎండేటప్పుడు అందులో ఘాటునిచ్చే జింజరాల్స్ కొన్ని షోగాల్స్‌గా మారతాయి. వాటి ఘాటు ఎక్కువ, నిమ్మవాసన లాంటి ఆ పచ్చిదనం మాత్రం పోతుంది. శొంఠి వేసింది టీ అనిపించదు, మందనిపిస్తుంది.

మందు అన్నాను కదా. మన ఇళ్ళలో ఈ దినుసులన్నీ తేయాకు కంటే ముందే మరిగాయి. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు కలిస్తే త్రికటుకం. దగ్గొస్తే ముందు మిరియాల కషాయమే కాచేవారు. తేయాకే ఆలస్యంగా వచ్చింది. 1903లో తేయాకు ఎగుమతి మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో టీకి ప్రచారం మొదలుపెట్టారు. 1930ల మాంద్యంలో బయటి దేశాల్లో ధర పడిపోయాక ఇక్కడి జనం మీద గట్టిగా దృష్టి పెట్టారు. ప్రచారకులు ఊరూరా తిరిగి, నీళ్ళెలా కాగాలో, ఆకెంత వేయాలో చేసి చూపించారు. జనం వాళ్ళు చెప్పింది విన్నారు, తమకు తోచింది చేశారు. పాలు దండిగా పోసి, అల్లం, ఏలకులు దంచి వేశారు. టీ వర్తకులకు ఇది నచ్చలేదు. మసాలా పడితే ఆకు తక్కువ పట్టేది, వాళ్ళకి అమ్ముడుపోవలసింది ఆకు మరి. వాళ్ళ బాధ అర్థం చేసుకోవచ్చు, కాని నా ఓటు రోడ్డు పక్క చాయ్ బండికే. కషాయం గిన్నెలోకి తేయాకుని రానిచ్చారు బండివాళ్ళు, ఆ గిన్నెను దించలేదు.

మసాలా వద్దన్న టీ మన హైదరాబాదులోనే ఉంది. ఇరానీ హోటల్లో డికాషన్‌ని మూతపెట్టిన రాగిపాత్రలో దమ్ మీద ఉంచుతారు, పాలను వేరే మరిగించి చిక్కబరుస్తారు. గ్లాసులో రెండూ కలిసినప్పుడు ఆ తియ్యటి చిక్కదనానికి ఇంకేమీ అక్కర్లేదు, పక్కన ఒక ఉస్మానియా బిస్కెట్టు తప్ప. ఇంట్లో ఇరానీ చాయ్ అంటూ అందులో ఏలకులు వేసేవాళ్ళతో నేను వాదించడం మానేశాను. కశ్మీరు కహ్వాలో ఏలకులు, దాల్చినచెక్క, కుంకుమపువ్వు ఉంటాయి గాని, అది పాలు పోయని గ్రీన్ టీ. వగరు పలచన కాబట్టి దానికి సుతారమైన మసాలా సరిపోయింది. మలబారు సులైమానీలో పాలకు బదులు నిమ్మరసం. ఏ టీకి ఏ తోడు కుదురుతుందో ఆయా ఊళ్ళు తాగి తాగి తేల్చుకున్నాయి.

మా ఇంటి లెక్క అడిగితే చెబుతాను. నలుగురికి రెండు గ్లాసుల నీళ్ళు, అంగుళం అల్లం, ఒక చిన్న దాల్చినచెక్క ముక్క. ఐదు నిమిషాలు మరిగాక నాలుగు చిన్న చెంచాల సీటీసీ, రెండు నిమిషాలు. అప్పుడు గ్లాసున్నర కాచిన పాలు, నాలుగు మిరియాలు, పంచదార. రెండు పొంగులు రానిచ్చి దించి, మూడు ఏలకులు, మూత. బెల్లం కావాలంటే వడకట్టాక గ్లాసులోనే కలపాలి. మరిగే టీలో వేస్తే అల్లం ఆగినా బెల్లం ఆగదు, పాలను విరిచేస్తుంది.

డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలి కూతురికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. అక్కడి కాఫీ దుకాణాల్లో చాయ్ లాటే అని ఇస్తారట, దాల్చినచెక్క, లవంగం సిరప్పు, పైన నురగ. "అందులో టీ తప్ప అన్నీ ఉంటాయి పెద్దమ్మా" అంది. పాలు పలచగా ఉంటాయని అక్కడి తెలుగువాళ్ళు చాలామంది లాగే పాలూ క్రీమూ సగం సగం కలిసిన హాఫ్ అండ్ హాఫ్ డబ్బా కొంటోంది. పొడి కూడా పెంచమన్నాను. వచ్చే నెల వాళ్ళ అత్తగారు వెళుతున్నారు, ఆవిడ పెట్టెలో రెండు కిలోల టీపొడి సర్దుతున్నాను. మసాలా పొడి కూడా పంపనా అంటే వద్దంది. మిరియాలు పంపమంది, అరకువైతేనే.