ఫ్యానుకి చుట్టుకున్న వల

రాజమండ్రి వచ్చినవాళ్ళు గోదారి చూడాలంటే నేరుగా పుష్కర ఘాటుకి వెళ్తారు. మెట్ల మీద కూర్చుని, 1900 నాటి హేవ్‌లాక్ వంతెన వైపు సెల్‌ఫోను తిప్పి ఫొటో తీసుకుని, హారతి చూసి వెళ్ళిపోతారు. తప్పేం లేదు. నాకు మాత్రం గోదారి అంటే కోటిలింగాల రేవుకి కాస్త ఎగువన, మే నెల ఎండలో, ఒడ్డుకి లాగిపెట్టిన పడవల కింద వచ్చే తారు వాసన. మా పెదమావయ్య పడవ ఏటా అక్కడే ఎక్కుతుంది.

పడవలకి మే నెలే ఎందుకంటే, జులైలో ఎర్రనీరు దిగిందంటే ఇక వాటి అడుగు చూసే అవకాశం ఉండదు. వెనకటికి డెల్టా కాలవల్లో తిరిగే నావలకీ వేసవే మరమ్మతుల కాలం. కాలవలు కట్టేయగానే పడవ ఒడ్డెక్కేది. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పుడు కాలవలు పొలాలకి నీళ్ళు ఇవ్వడానికే కాదు, పడవలు నడవడానికీ పనికొచ్చేలా తవ్వించాడు. లాకులు అందుకే. వడ్ల బస్తాలూ, కొబ్బరికాయలూ, పెళ్ళివారూ అందరూ ఆ దారినే పోయేవారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద తాడు పట్టుకుని లాగే మనుషులు.

మావయ్య పడవ ఆ కాలం నాటిదే. మా తాత చేయించిన టేకు నావ. రోడ్లు పడి, లారీలు వచ్చి, కాలవల్లో సరుకు తగ్గాక తాత దాన్ని గోదార్లోకి తెచ్చి, కొయ్య పీకేసి, వెనకపక్క రెండు సిలిండర్ల కిర్లోస్కర్ ఇంజను దింపించాడు. తెరచాప కొయ్య నిలబెట్టే గుంట ఇప్పటికీ అడుగున ఉంది. అందులో మావయ్య స్పానర్లు పెట్టుకుంటాడు. ఆ పడవ ఇప్పుడు లంకలకి మనుషుల్నీ, కూరగాయల బుట్టల్నీ, వానాకాలం ముందు ఎరువు బస్తాల్నీ దాటిస్తుంది. బడులు తెరిచాక పొద్దున్నే పిల్లలు కూడా ఎక్కుతారు.

ఈసారి నేను హైదరాబాదు నుంచి వెళ్ళేసరికి పడవ తాటిదుంగల మీద ఉంది. మావయ్య వీపు నా వైపు పెట్టి, "వచ్చావా. ఆ ఫ్యాను పట్టుకో" అన్నాడు. పుస్తకాల్లో ప్రొపెల్లర్ అంటారు గానీ మా రేవులో అది ఫ్యానే. మూడు రెక్కలది. బొడ్డు మీద 18, 12 అని అంకెలు చెక్కి ఉంటాయి. మొదటిది ఫ్యాను వెడల్పు, అంగుళాల్లో. రెండోది, ఒక్క చుట్టు తిరిగితే లెక్క ప్రకారం పడవ ముందుకు పోవాల్సిన దూరం. నీళ్ళు జారిపోతాయి కాబట్టి నిజానికి అంత పోదు. గట్టి చెక్కలో స్క్రూ దిగినట్టు కాదు, తడి ఇసకలో నడిచినట్టు.

మేస్త్రీగారు తాళ్ళరేవు వైపు మనిషి. చెక్క ఓడలు కట్టిన ఊరు కాబట్టి ఆ చేతికి పడవంటే ఒళ్ళు తెలుసు. ఫ్యాను ఊడదీసి, తాడుకి వేలాడదీసి, రెంచీతో మెల్లిగా కొట్టారు. గుళ్ళో గంటలా మోగింది. "బాగుందండి. పగిలినా, లోపల కుళ్ళినా ఇలా మోగదు, డబ్బా మోగినట్టు మోగుద్ది" అన్నారు. తర్వాత రెక్క అంచు ఆకురాయితో కాస్త గీకి, లోపలి రంగు చూశారు. పసుపుగా ఉంటే మంచిది. గులాబీ రంగు తిరిగితే లోహంలోంచి జింకు పోయిందని లెక్క, రెక్క పెళుసుబారి ఉంటుంది. యానాం వైపు ఉప్పునీళ్ళల్లో తిరిగే పడవలకి ఆ జబ్బు ఎక్కువ. అందుకే వాటికి అడుగున జింకు ముక్క బిగిస్తారు. ఉప్పునీరు ముందు దాన్ని తింటుంది, ఫ్యానుని వదిలేస్తుంది. మనది ఆనకట్టకి పైన మంచినీళ్ళ పడవ, ఆ బాధ తక్కువ.

అప్పుడు కనబడింది అది.

ఫ్యాను ఊడిన చోట, షాఫ్టుకీ రబ్బరు బుష్‌కీ మధ్య, నీలంరంగు ఉంగరంలాంటిది. మేస్త్రీగారు ఉలితో కొట్టి ఊడదీస్తే గట్టి ప్లాస్టిక్ ముద్ద. నైలాన్ వల. షాఫ్టు తిరిగే వేడికి కరిగి గడ్డ కట్టేసింది. దాని వెనక రబ్బరు ఒకవైపు పూర్తిగా అరిగిపోయింది.

మావయ్య దాన్ని అరచేతిలో తిప్పి చూస్తూ చిన్నోణ్ణి పిలిచాడు. చిన్నోడంటే రెండేళ్ళుగా పడవ మీద పనిచేసే కుర్రాడు. సంక్రాంతి తర్వాతి నుంచి పడవ అడుగున నీళ్ళు చేరుతున్నాయని, గ్లాండు సరిగ్గా చూడడం లేదని మావయ్య వాణ్ణి తిడుతూనే ఉన్నాడట. షాఫ్టు పడవలోంచి నీళ్ళలోకి వెళ్ళే చోట నూనె పట్టించిన తాడు చుట్లు చుట్టి, పైన నట్టు బిగిస్తారు. అదే గ్లాండు. నీళ్ళు ఎక్కువ వస్తుంటే వాడు నట్టు ఇంకా బిగించాడు. బిగిస్తే తాడు కాలి, షాఫ్టు మీద గాడి పడింది. "నీ జీతంలోంచే లేతు ఖర్చు" అన్నాడు మావయ్య. వాడు తల దించుకుని నిలబడ్డాడు.

నాకు ఒంట్లో చెమట ఇంకోలా పట్టింది. సంక్రాంతికి వచ్చినప్పుడు సరదాకి పడవ నేను నడిపాను. బ్రిడ్జి లంక దాటాక ఎవరిదో వల మీద నుంచి పోయింది. ఇంజను ఒక్కసారి మూలిగింది. రివర్సు వేసి వదిలితే మళ్ళీ మామూలుగా నడిచింది. పోయిందిలే అనుకుని ఎవరికీ చెప్పలేదు.

"మావయ్యా, వల పట్టించింది నేను" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. కాసేపాగి, "ఆరోజే చెప్పుంటే చాకు పట్టుకుని ఒక మునక వేస్తే పోయేదిరా" అన్నాడు. ఆ ముద్ద తీసుకెళ్ళి చిన్నోడి చేతిలో పెట్టి, "జీతం సంగతి మర్చిపో" అన్నాడు. నాకు అంతకన్నా గట్టి తిట్టు అక్కర్లేకపోయింది.

లేతు ఖర్చు నేనే పెట్టాను. గాడి నున్నగా తీయించి, కొత్త బుష్ వేశారు. గ్లాండులో మూడు తాడు చుట్లు. ప్రతి చుట్టూ ఏటవాలుగా కోసి, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా పక్కలకి తిప్పి పెట్టారు. అతుకులన్నీ ఒకే వరసన ఉంటే నీళ్ళు అటే దారి చేసుకుంటాయి. గోదారి నీళ్ళు లాగి ఇంజను చల్లబరిచే పంపు విప్పితే గుప్పెడు ఒండ్రు వచ్చింది. జల్లెడ కడిగి బిగించారు.

మర్నాడు పొద్దున్నే పడవ నీళ్ళలోకి దింపాం. ఆ సాయంత్రమే ఒక పెళ్ళి బృందాన్ని లంకకి దాటించాలని ముందే బేరం ఉంది. నాకూ రాత్రికి రైలుంది. ఇంజను స్టార్టు చేసి చూసుకుంటే అయిపోతుంది కదా అన్నాను. మేస్త్రీగారు ఒప్పుకోలేదు. ఒడ్డున ఎండకి చెక్క ఎండి ముడుచుకుంటుంది. నీళ్ళలో నానాక పలకలు ఉబ్బి పడవ తన ఆకారానికి వస్తుంది. ఒడ్డు మీద ఇంజనుకీ షాఫ్టుకీ కుదిరిన వరస నీళ్ళలో కుదరదు. రెండు రోజులు నానాలి, అప్పుడు చూడాలి.

మావయ్య పెళ్ళివారికి ఫోను చేసి, వేరే పడవ మాట్లాడి పెట్టాడు. అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు మన వైపు ఎన్ని ఇళ్ళు దుఃఖపడ్డాయో రేవులో ఎవరూ మర్చిపోలేదు. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం 38 రోజుల తర్వాత దాన్ని పైకి లాగేదాకా రోజూ ఇక్కడ అదే మాట. "జనం ఎక్కాక ఆలోచించడానికి ఉండదు. ఎక్కకముందే ఆలోచించుకోవాలి" అన్నాడు మావయ్య. నేను టికెట్టు క్యాన్సిల్ చేసుకున్నాను.

మూడో రోజు మేస్త్రీగారు గేరుబాక్సు వైపు పళ్ళేనికీ, షాఫ్టు వైపు పళ్ళేనికీ మధ్య సన్నటి రేకు దూర్చి నాలుగు వైపులా కొలిచారు. పళ్ళెం వెడల్పు అంగుళానికి ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతు, అంతకంటే తేడా ఉండకూడదట. నాలుగంగుళాల పళ్ళెం కాబట్టి నాలుగు థౌలు. మనకి తొమ్మిది వచ్చింది. ఇంజను కింద పలచటి రేకులు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, మధ్యాహ్నానికి మూడుకి తెచ్చారు.

ఇంజను వేశాక మావయ్య గ్లాండు దగ్గర గొంతుకూర్చుని చేతి గడియారం చూశాడు. షాఫ్టు తిరిగేటప్పుడు చుక్క పడాలి. ఆ తడే దానికి చల్లదనం. ఆగితే చుక్క పడకూడదు. "లెక్కపెట్టరా" అన్నాడు నాతో కాదు, చిన్నోడితో.

వాడు నిమిషం పాటు లెక్కపెట్టాడు. "ఆరండి."

ఇంజను ఆపారు. ముగ్గురం వంగి చూశాం. చివరి చుక్క నట్టు అంచున కాసేపు వేలాడి, పడకుండా అక్కడే ఉండిపోయింది.

ఈసారి రాజమండ్రి వెళ్తే ఘాటు మెట్ల దగ్గరే ఆగిపోకండి. కాస్త ఎగువకి నడవండి. పడవ కింద పడుకుని పనిచేసేవాళ్ళని పలకరించండి, చెబుతారు. ఎవరైనా సరదాగా చుక్కాని చేతికిస్తే మాత్రం, ఇంజను మూలిగితే దాచకండి.