మంచు ఊళ్లో పాత బండి

మా నాన్న మార్కాపురం డిపోలో ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాడు. దోర్నాల నుంచి శ్రీశైలం దాకా నల్లమల ఘాట్‌లో ఆయన తిప్పని మలుపు లేదు. అలాంటి మనిషి కిందటి చలికాలంలో మా దగ్గరికి అమెరికా వచ్చాడు. ఇంటి ముందున్న నీలం రంగు కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, ‘‘ఇదేంట్రా, కొత్త కారు కొన్నానని ఫోన్లో చెప్పావ్! దీనికి పెళ్లి వయసొచ్చినట్టుందే’’ అన్నాడు.

నేను చెప్పింది అబద్ధం కాదు. కారు నాకు కొత్తదే. కాకపోతే పుట్టింది మాత్రం 2002లో!

ఇంటిని ముంచేంత మంచు

మేం ఉండేది మిచిగన్ రాష్ట్రంలో ఉత్తరపు కొసన, హోటన్ అనే చిన్న ఊళ్లో. 1885లో గనుల బడిగా మొదలైన మిచిగన్ టెక్ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. దాని పుణ్యమా అని ఈ మారుమూలన కూడా నలుగురు తెలుగు పిల్లలు కనిపిస్తారు. ఇక్కడి నుంచి కీవెనా అనే నేల సుపీరియర్ సరస్సులోకి వేలు చాపినట్టు పొడుచుకెళ్తుంది. విస్తీర్ణంలో ప్రపంచంలోనే అతి పెద్ద మంచినీటి సరస్సు ఇది. చలి ముదిరినా ఓ పట్టాన గడ్డకట్టదు. కెనడా వైపు నుంచి వచ్చే చలిగాలి ఆ నీళ్ల మీదుగా వస్తూ తేమంతా పీల్చుకుని, నేల తగలగానే మంచుగా కుమ్మరిస్తుంది. ఏటా సగటున 200 అంగుళాలకు పైనే! అంటే ఐదు మీటర్లు. కురిసింది కురిసినట్టు కరక్కుండా ఉంటే మన ఊళ్లో డాబా ఇల్లు మునిగిపోతుందన్నమాట.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొద్దున లేవగానే పార పట్టుకుని కారును తవ్వుకోవడమే మా మొదటి పని. కాఫీ ఆ తర్వాతే. తప్పించుకోలేని చలికాలాన్ని కాస్త సరదాగానైనా గడుపుదామని నాకు బుద్ధి పుట్టింది. ఇంట్లో వాడకానికి ఓ పెద్ద బండి ఉంది. మంచులో తిరగడానికే ఇంకొకటి, అదీ పాతది, చవగ్గా కొనాలనుకున్నాను. ‘‘ఉన్న బండి మీద మంచు తియ్యడానికే నడుం పడిపోతోంది, రెండోదెందుకు?’’ అంది మా ఆవిడ. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. అయినా కొన్నాను!

పొగతో తిరిగే చక్రం

నేను కొన్నది సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందుతుంది. పైగా టర్బో. మామూలు కార్లో గొట్టం గుండా పొగ బయటికి పోయి వృథా అవుతుంది. టర్బోలో ఆ పొగే ఓ బుల్లి చక్రాన్ని తిప్పుతుంది. దాంతోపాటు తిరిగే ఇంకో చక్రం గాలిని ఇంజిన్లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. అందుకే రెండు లీటర్ల చిన్న ఇంజినే అయినా 227 గుర్రాల సత్తువ!

ఈ రెండింటినీ కలిపి పేరు తెచ్చుకున్న మొదటి కారు, 1980లో జెనీవా ప్రదర్శనలో కనిపించిన ఆడి క్వాట్రో. మట్టిలో, మంచులో జరిగే ర్యాలీ పందేల తీరునే అది మార్చేసింది. తర్వాత 1995, 96, 97లో వరసగా మూడేళ్లు తయారీదారుల ప్రపంచ టైటిల్ సుబారు ఎగరేసుకుపోయింది. ఆ పందెం బండికి తమ్ముడి లాంటి ఈ కారు అమెరికా రోడ్ల మీదికొచ్చింది 2002 మోడల్‌తోనే.

పాత టర్బో కారు కొనడమంటే సంతలో ఎద్దును కొన్నట్టే. పళ్లు చూడాలి, నడక చూడాలి. మా వీధిలో ఓ ముసలి మెకానిక్ ఉన్నాడు. వాళ్ల తాతలు రాగి గనుల్లో పనికోసం ఫిన్లాండు నుంచి వచ్చారట. ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లాను. రాత్రంతా ఆపి ఉంచిన బండినే స్టార్ట్ చెయ్యమన్నాడు. వేడెక్కిన ఇంజిన్ తన జబ్బుల్ని దాచేస్తుందట. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు లెక్క. తర్వాత కిందికి దూరి స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాడు. ఇక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. అది ఇనుమును చెదపురుగులా తినేస్తుంది. టైమింగ్ బెల్టు మార్చిన రసీదు అడిగాడు. అది తెగితే ఇంజిన్ ఖర్చు కారు ఖర్చును మించిపోతుంది మరి. చివరగా ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడపమన్నాడు. కారు బిగబట్టి కుదుపులిస్తే ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే భాగం అరిగినట్టట.

అన్నింటిలోనూ పాసయ్యింది. ‘‘టైర్లు మాత్రం మార్చు. నాలుగూ ఒకేసారి, ఒకే రకం, చలికాలానివి’’ అన్నాడు పెద్దాయన. ‘అలాగే’ అని తలూపాను. కానీ మిగిలిన డబ్బులు పెట్టి ముందువైపు తళతళలాడే ఫాగ్ లైట్లు కొన్నాను!

కొండ ఎక్కేటప్పుడు...

నాన్న వచ్చిన రెండో ఆదివారం అందరం బయల్దేరాం. ముందు సీట్లో నాన్న, వెనక మా ఆవిడ, పాప. ‘‘టైర్లు మంచువేనా?’’ అనడిగాడు నాన్న సీటు బెల్టు పెట్టుకుంటూ. ‘‘ఆఁ, బాగానే ఉన్నాయి నాన్నా’’ అన్నాను. ఇది మాత్రం అబద్ధమే.

1959లో కట్టిన ఎత్తుడు వంతెన దాటితే హ్యాంకాక్. పడవలొస్తే దీని మధ్య భాగం లిఫ్టులా పైకి లేస్తుంది. వంతెన దాటగానే నిటారుగా క్విన్సీ కొండ. మిగతా బండ్లు ఆయాసపడుతుంటే మాది బల్లిలా పాకేసింది. ‘‘పర్లేదురా, పట్టు బాగుంది’’ అన్నాడు నాన్న. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఒకప్పుడు రాగి గనులతో కళకళలాడిన క్యాల్యుమెట్ మీదుగా వెళ్తే, రోడ్డు పక్కన ఆకాశంలోకి లేచిన పొడవాటి కొలబద్ద కనిపిస్తుంది. మంచు కొలిచే బోర్డు అది! 1978-79 చలికాలంలో ఇక్కడ 390.4 అంగుళాల మంచు పడిందని దానిమీద గుర్తు పెట్టారు. ముప్ఫై రెండడుగులకు పైమాటే. నాన్న మెడ నొప్పెట్టేదాకా చూశాడు. ఈ రోడ్డే ఇక్కణ్నుంచి మయామీ దాకా రెండు వేల మైళ్లు పోతుందని చెబితే, ‘‘డ్యూటీ దిగేసరికి రిటైరైపోతాం’’ అని నవ్వాడు.

తిరుగు దారిలో క్యాల్యుమెట్‌లో పాస్టీలు తిన్నాం. మాంసం, బంగాళాదుంపలు కూరి కజ్జికాయలా మడిచి కాల్చిన రొట్టె. గని కూలీల సద్ది ఇది. చప్పగా ఉందని నాన్న మొహం పెట్టగానే మా ఆవిడ బ్యాగులోంచి కారప్పొడి తీసింది. ‘‘బతికించావమ్మాయ్!’’ అన్నాడు.

... దిగేటప్పుడు

మూడున్నరకే మబ్బు కమ్మి మంచు మొదలైంది. క్విన్సీ కొండ దిగుతున్నాం. కింద ఓ కారు ఆగి ఉంది. బ్రేకు తొక్కాను. కాలి కింద పెడల్ గడగడలాడింది తప్ప బండి ఆగలేదు. ఎక్కేటప్పుడు బల్లిలా పట్టుకున్న నాలుగు చక్రాలూ సబ్బు మీద కాలేసినట్టు జారిపోతున్నాయి. వెనక పాప నవ్వుతోంది, ఆటనుకుని.

‘‘బ్రేకొదులు... కుడికి తిప్పు’’ అన్నాడు నాన్న. అరవలేదు. అన్నం పెట్టమన్నంత మామూలుగా అన్నాడు. వదిలాను. చక్రాలకు దారి దొరికింది. పక్కనున్న మంచుగుట్టలోకి ‘బుస్సు’మని దూరి ఆగాం. ఎవరికీ ఏం కాలేదు. ఒక ఫాగ్ లైటు పగిలింది.

నాన్న దిగి, మోకాళ్ల మీద కూర్చుని, చేతితొడుగు తీసి టైరు గాడిలో వేలు పెట్టి చూశాడు. మంచు టైర్లు కావని అర్థమైంది. నావైపు చూశాడంతే, ఏమీ అనలేదు. ఆ చూపు కంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చాక ఒక్కమాటే అన్నాడు. ‘‘ఘాట్ ఎక్కడానికి ఇంజిన్ చాలురా. దిగడానికే డ్రైవరు కావాలి.’’

అంతే కదా! నాలుగు చక్రాలు తిరిగితే బండి కదలడం తేలిక. ఆగడానికి మాత్రం ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ బ్రేకులుంటాయి. అక్కడ మనకు ప్రత్యేకమేమీ లేదు. ఆపేది రోడ్డును పట్టుకునే రబ్బరే. ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల లోపుకు పడిపోతే మామూలు టైరు బిగుసుకుపోతుంది. చలికాలపు టైరు మెత్తగానే ఉండి మంచును కరుస్తుంది.

టైర్లు మార్చేముందు నాన్న ఓ పరీక్ష పెట్టాడు. ఖాళీ పార్కింగ్ స్థలంలో పార పాతి, గంటకు ముప్ఫై మైళ్ల వేగంతో వచ్చి అక్కడ బ్రేకు వెయ్యమన్నాడు. ఆగిన చోటికి అడుగులు లెక్కపెట్టాడు. ముప్ఫై ఎనిమిది. కొత్త టైర్లతో మళ్లీ అదే పరీక్ష. ఇరవై ఐదు. ‘‘ఈ పదమూడు అడుగుల్లోనే ఉంది నీ కూతురు’’ అని పార భుజాన వేసుకుని కారెక్కాడు.

మార్చిలో ఆయన ఊరెళ్లిపోయాడు. నీలం బండి ఇంకా మా దగ్గరే ఉంది. పగిలిన లైటు బాగు చేయించలేదు, గుర్తుండాలని. మంచు పడితే ఇప్పటికీ సరదాగా ఓ చుట్టు తిరిగొస్తాం.

ప్రతి ఆదివారం నాన్న ఫోన్ చేస్తాడు. బండి ఎలా నడుస్తోందని ఎప్పుడూ అడగడు.

‘‘ఆగుతోందా?’’ అని మాత్రం అడుగుతాడు.