అడుగున తాలుకాయలు

మాఘ ఫాల్గుణాల్లో గుంటూరు వచ్చి తుమ్మకుండా తిరిగి వెళ్లినవాడు లేడు. యార్డు వైపునుంచి గాలి మళ్లితే చాలు, అంతా మిరపఘాటే! ఆ రోజుల్లోనే ఒంగోలు బస్సెక్కాను. చిలకలూరిపేట దాటాక అటూ ఇటూ నల్లరేగడి. పత్తి ఏరడం అయిపోవచ్చింది. కళ్లాల్లో మిరపకాయలు ఎర్రదుప్పట్లు పరిచినట్టున్నాయి.

పక్కసీటు రైతు యార్డులో సరుకమ్ముకుని వస్తున్నాడు.

"కొనేవాడు టిక్కీ విప్పి అడుగుదాకా చెయ్యి పెడతాడండీ. రంగుపోయిన తాలుకాయలు అడుగున దాస్తే దాగుతాయా?" అన్నాడు.

నా టిక్కెట్టు గుర్తొచ్చింది. ఫోనులో కొంటుంటే "రెండే సీట్లు, త్వరపడండి" అని ఎర్రక్షరాలు ఒకటే తొందర. తీరా ఎక్కి చూద్దును గదా, బస్సు సగం ఖాళీ! ఛార్జీ కింద నేనడగని బీమా ముందే టిక్కు పెట్టుకుని కూచుంది. తీసేస్తే, "మీ క్షేమం మీకక్కర్లేదా?" అని నిష్ఠూరం! (మా అత్తగారు కూడా ఇంత సూటిగా అనరు.) ఆనాటి నుంచీ గోవా రండి, సింగపూరు రండి అంటూ రోజుకు రెండు ఈ-మెయిళ్లు. "ఇక పంపవద్దు" అనే మాట మాత్రం అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఈ కిటుకులకు ప్రభుత్వం పేర్లు కూడా పెట్టింది. లేని తొందర పుట్టించడం, అడగని సరుకు బుట్టలో వేయడం, కాదంటే సిగ్గుపరచడం - ఇలాంటివి 13 రకాలు కూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ప్రకటించింది. ఫిర్యాదుకు 1915 నంబరుంది, తెలుగులోనూ చెప్పుకోవచ్చు.

మేదరమెట్లలో దిగబోతూ రైతు ఆ నంబరు కమీషను కొట్టువారిచ్చిన పట్టీ వెనక రాయించుకున్నాడు. హైదరాబాదులో ఉన్న వాళ్లబ్బాయి టిక్కెట్లన్నీ ఫోనులోనే కొంటాడట.