కోరమాండల్ అటా, ఇటా?

డాబా మెట్ల మీద మాగాయ ముక్కలు తిరగేస్తుంటే గోడవతల నుంచి వదిన గొంతు వినబడింది.

"ఏవమ్మా, పని తెమిలిందా?"

"పనికేం గాని, పిల్ల ఏటనుకుంటోంది వదినా?"

ఆ మాట కోసమే కాచుక్కూచుంది కాబోలు, మోచేతులు రెండూ గోడకి ఆన్చేసింది. ఇక అరగంటకి తక్కువ ఉండదు.

సంగతేంటంటే, వాళ్ల చిన్నదానికి ఐఐటీ ర్యాంకొచ్చింది. సీట్లు పంచే జోసా కౌన్సెలింగు నడుస్తోంది. అన్నయ్య విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరు. ఇంట్లో పొద్దస్తమానం ఓడల కబుర్లే కావడంతో పిల్లకీ ఓడలు కట్టే చదువే కావాలి. ఆ బ్రాంచి మద్రాసు ఐఐటీలోనూ ఉంది, ఖరగ్‌పూర్‌లోనూ ఉంది. చదువు ఒకటే అయినప్పుడు తేల్చుకోవాల్సింది అక్కడ నాలుగేళ్లు ఎలా గడుస్తాయనేగా! లిస్టులో ఏది ముందు పెట్టాలన్నదే వాళ్లింట్లో రగడ.

మన వైపు వాళ్లకి ఇందులో ఓ తమాషా ఉంది. రెండూ మన హౌరా లైను మీదే. విశాఖలో కోరమాండల్ ఎక్కితే ఇటు మద్రాసు ఎంత దూరమో, అటు ఖరగ్‌పూర్ ఇంచుమించు అంతే. దూరాభారం అని ఒకదాన్ని కొట్టెయ్యడానికీ లేదు.

"మీ అన్నయ్య మద్రాసే అంటన్నారు. పక్కనే సముద్రం. ఖరగ్‌పూర్‌లో ఓడల్ని ఎక్కడ తేలుస్తారంట?"

లోపలి నుంచి పిల్ల అరిచింది, "ల్యాబులో పొడుగాటి నీళ్ల తొట్టి ఉంటాదే అమ్మా! నమూనా ఓడని అందులో లాగి చూస్తారు."

మద్రాసు సంగతి నాకు కాస్త తెలుసు. మా ఆడపడుచు కొడుకు అక్కడ చదివేటప్పుడు ఓసారి వెళ్లాం. పశ్చిమ జర్మనీ వాళ్ల సాయంతో 1959లో గిండీ అడవిలో కట్టిన కాలేజీ. గేటు బయట బస్సుల రొద, లోపల మర్రిచెట్ల నీడ. హాస్టళ్లకి నదుల పేర్లు: గోదావరి, కృష్ణ, ఆడపిల్లలకి శరావతి. బెంచీ మీద పులిహోర పొట్లం విప్పేసరికి పది అడుగుల్లో చుక్కల దుప్పి ఒకటి చెవులాడిస్తూ నిలబడింది. నా మొహం చూడలేదు, పొట్లమే చూసింది.

ఖరగ్‌పూర్‌ది వేరే కథ. తొలి ఐఐటీ అదే. 1951లో హిజ్లీ జైల్లో మొదలైంది. 1931లో తెల్లవాళ్ల పోలీసులు కాల్పులు జరిపి ఇద్దరు ఖైదీల్ని చంపిన జైలది. అక్కడ దీపావళికి హాస్టళ్ల ముందు వెదురు తడికలు నిలబెట్టి, ప్రమిదలు పేర్చి, కరెంటు ఆర్పేసి, బొమ్మలు బొమ్మలుగా వెలిగిస్తారట. హాస్టలుకీ హాస్టలుకీ పోటీ. ఇల్లూ అంటారు దాన్ని. మనకి ఇల్లంటే వేరే అర్థం గాని, ఇంటికి రాలేని పండగ పూట ఆ పేరు బాగానే కుదిరింది.

"అక్కడ తెలుగోళ్లుంటారా?" వదిన అసలు దిగులు అది.

"లేకేం! రైల్వే పనికని మన శ్రీకాకుళం, విశాఖల నుంచి వెళ్లి తరాలుగా అక్కడే ఉండిపోయారు. 2020లో బెంగాల్ సర్కారు తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చిందంటే వాళ్ల మూలానే."

"తెలుగు వినడానికి అంత దూరం ఎందుకత్తా? ఎలమంచిలి బస్టాండు చాలదూ!" అంటూ పిల్ల ఫోను పట్టుకుని గోడ దగ్గరికొచ్చింది.

నన్నడిగితే నా మొగ్గు ఖరగ్‌పూర్ వైపే. మద్రాసులో ఆదివారమొస్తే ఊరు పిలుస్తుంది, బీచీ, సినిమా, తలోదారీ. ఖరగ్‌పూర్‌ది రైల్వే ఊరు. ఎక్కువ సాయంత్రాలు సైకిళ్ల మీద ఆ రెండు వేల ఎకరాల క్యాంపస్‌లోనే, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడపాలి. కాదని మా ఆడపడుచు కొడుకు దెబ్బలాడతాడు. వాడి దుప్పులు వాడివి. అయినా నా మాట పైకి అనలేదు. పక్కింటి పిల్ల భవిష్యత్తు, రేపు మాటొస్తే గోడ కూడా మిగలదు.

"లాక్ చేసేశానత్తా. ఖరగ్‌పూర్ ఒకటి, మద్రాసు రెండు. మొదటిది వస్తే ఫ్రీజే."

వదిన ఏమీ అనలేదు. కొంగుతో గోడ మీది దుమ్ము తుడిచింది, ఒకే చోట రెండుసార్లు.

"చలి ఎక్కువంట కదా అక్కడ. మంచి రగ్గు విశాఖలో దొరుకుద్దంటావా?"