ఆరేళ్ల పన్ను

పాలపన్ను ఊడితే పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసరడం మన కాలనీల్లో ఇంకా ఉంది. అయితే ఏ పన్నూ ఊడకుండా, సద్దు లేకుండా వచ్చే పళ్లు నాలుగున్నాయి. బిడ్డకు సుమారు ఆరేళ్లప్పుడు పాలపళ్ల వరుస వెనకాల పైన రెండు, కింద రెండు మొలుస్తాయి. ఇవి మళ్లీ రావు, ముసలితనం దాకా నమలాల్సినవి. ఊడిన పన్ను లేదు కాబట్టి వీటినీ పాలపళ్ల లెక్కలోనే వేస్తాం. మూడో తరగతికి వచ్చేసరికి వాటి గుంటల్లో నల్లటి మచ్చ కనబడుతుంది. "పోనీలే అయ్యోరా, అది ఊడి కొత్తది వస్తుందిలే" అంటారు తల్లులు. రాదు.

మేం యానాదులం. చెట్టూ వేరూ తెలిసినవాళ్లమని పేరు. మా పెద్దలు వేప పుల్ల, కానుగ పుల్ల నమిలి చివరను కుంచెలా చేసుకుని తోముకునేవాళ్లు. ఆ పని మంచిదే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ వాళ్ల తిండిలో చక్కెర ఎంత? ఇప్పుడు అయిదు రూపాయల బిస్కెట్ పొట్లం, టీ, రంగునీళ్ల సీసా కాలనీ అంగట్లోనే దొరుకుతున్నాయి. నోటిలోని సూక్ష్మజీవులు ఆ తీపిని తిని ఆమ్లం చేస్తాయి, ఆమ్లం పన్నును కరిగిస్తుంది. పుల్ల ఒక్కటే దీనికి చాలదు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు కావాలి. మూడేళ్ల లోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. ముఖ్యంగా రాత్రి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పన్నును కాపాడేది అదే. మనకేమో పొద్దున పాచిముఖం కడగడమే అలవాటు, రాత్రి సంగతి ఎవరూ చెప్పలేదు. బడిలో ఇచ్చే చిక్కీ బలమే, వద్దనం. తిన్నాక నీళ్లు పుక్కిలించమనడానికి ఒక నిమిషం పడుతుంది.

పన్ను నొప్పి లేస్తే పురుగు పట్టిందంటారు. వాకుడు గింజల పొగ పట్టిస్తారు, జిల్లేడు పాలు పెడతారు. పిప్పి పంట్లో పురుగు ఉండదు. జిల్లేడు పాలు చిగురును కాలుస్తాయి. పై పన్ను పీకిస్తే కన్ను పోతుందన్న భయం మరొకటి. పోదు. పోయేది కూలి. రొయ్యల గుంట కాపలాకు వెళ్లేవాడు దవడ వాచి మూడు రోజులు పడుకుంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

టీచర్లకు ఒక మాట. కొందరు పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమరంగు చారలుంటాయి. "తోముకోలేదా?" అని తరగతిలో నిలబెట్టవద్దు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు ఫ్లోరోసిస్ గురించి రాసింది మన నెల్లూరు జిల్లా మెట్ట పల్లెల మీదే. ఆనాడు మన జిల్లాలో ఉన్న పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లాలోకి వెళ్లాయి. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎక్కువైతే చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులోనే ఆ మచ్చ పడుతుంది. ఎంత తోమినా పోదు. తల్లిదండ్రులు పనికోసం ఊళ్లు తిరిగితే ఆ నీళ్ల గుర్తు బిడ్డ నోట్లో మిగులుతుంది. యానాది బిడ్డ అంటే మురికి అన్న మాట మనం చాలా విన్నాం, దానికి బడి కూడా తోడవ్వకూడదు.

కుర్రాళ్లకు గుట్కా గురించి చెప్పాలి. రాత్రి గుంటల దగ్గర నిద్ర రాకుండా నోట్లో వేసుకోవడంతో మొదలవుతుంది. వక్క నమలగా నమలగా బుగ్గ లోపల గట్టిపడి నోరు తెరుచుకోదు. మన మూడు వేళ్లు నిలువుగా పట్టకపోయినా, తెల్ల మచ్చ కనబడినా, పుండు రెండు వారాలకు మానకపోయినా నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆలస్యం చేస్తే అది క్యాన్సర్ కావచ్చు. బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. మనం అడిగితేనే అంగడివాడు వింటాడు, అదీ రెండు మూడుసార్లు అడిగితే.

కడుపుతో ఉన్న ఆడబిడ్డలకు చిగుళ్లు వాచి నెత్తురు రావడం మామూలే. అందుకని తోమడం మానేస్తే గార పేరుకుని ఇంకా చెడుతుంది. బిడ్డ ఎముకల కోసం తల్లి పన్ను అరుగుతుందన్నది నిజం కాదు.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందం పళ్లు కూడా చూడాలి. బరువూ ఎత్తూ రాసుకుని వెళ్లిపోబోతే, ఒకటి రెండు తరగతుల పిల్లలను ముందు నిలబెట్టి, "సార్, వెనక పళ్లు చూడండి" అని మనమే అనాలి. జూన్‌లో బడి తెరిచిన వారంలో కిటికీ దగ్గర వెలుతురులో నోరు తెరిపించి మనమూ చూడొచ్చు. నల్లమచ్చ చిన్నగా ఉన్నప్పుడు నింపితే పన్ను నిలుస్తుంది, నొప్పి మొదలయ్యాక చాలాసార్లు పీకడమే మిగులుతుంది. ఆ పన్ను పోతే పక్క పన్ను ఖాళీలోకి ఒరుగుతుంది, నమలడం ఒక పక్కకే పోతుంది. మా కాలనీల్లో యాభై దాటిన అవ్వలు చాలామంది పీతల పులుసు అన్నంలో కలుపుకుని, పీత కాళ్లు మనవళ్ల కంచంలో వేస్తారు.