పాత ల్యాప్‌టాపునకు ప్రింటరును గూర్చుట

మా కార్యాలయమునందు 1999వ సంవత్సరమునాఁటి ల్యాప్‌టాపు కంప్యూటరొకటి కలదు. అప్పటినుండి 2009 వఱకు చదివిన పిల్లల మార్కులన్నియు దానియందే యున్నవి. వానిని భద్రపఱచిన ప్రోగ్రాము డాస్ పద్ధతిది. నేఁటి 64 బిట్ల విండోసునం దది నడువదు. నాఁటి విద్యార్థులు నేఁడు బిడ్డల తల్లిదండ్రులై, మార్కుల నకలు కావలెనని వచ్చి బల్లయొద్ద నిలుచుచుందురు. గత వేసవిలో యంత్రపు కీబోర్డున కొన్ని మీటలు పని మానెను. అది పూర్తిగాఁ గన్నుమూయకముందే సర్వమును కాగితముపై కెక్కింపఁ బూనుకొంటిమి.

బయటి కీబోర్డు తగిలించిన చాలునని తొలుతఁ దోఁచినది. అంగడివారు యూఎస్‌బీ కీబోర్డును, దానిని గుండ్రని పీఎస్/2 రంధ్రమున దూర్చుటకు ఊదారంగు అడాప్టరును ఇచ్చిరి. అడాప్టరు చక్కఁగా నమరెను. కీబోర్డు మాత్రము పలుకలేదు. యంత్రమే చెడినదని యంగడివారనిరి. మే మొప్పుకొనలేదు. ఆ యడాప్టరులో తీఁగల కలయిక తప్ప వేఱేమియు లేదు. 1987లో ఐబీఎం ప్రవేశపెట్టిన పీఎస్/2 భాష వేఱు, 1996లో వెలువడిన యూఎస్‌బీ భాష వేఱు. కీబోర్డులోని చిప్పునకు రెండును వచ్చినఁగాని పని జరుగదు. యంత్రమునకు యూఎస్‌బీ రంధ్రమును గలదు గదా యందురేమో. డాస్ నడచునప్పు డట్టి కీబోర్డును గుర్తించుట బయాస్ చేయవలసిన పని. మా దానియం దా సౌకర్యము లేదు. తుదకు తొమ్మిదవ తరగతి బాలుఁడొకఁడు తన యింట నటుకపై నున్న గుండ్రని మొనగల కీబోర్డును దెచ్చెను. యంత్రము నాపి, తగిలించి, మరల నడిపితిమి. అన్ని యక్షరములును బలికెను. విద్యార్థులారా, యంత్రము నడచుచుండఁగా పీఎస్/2 రంధ్రమున దేనిని దూర్పకుఁడు, సర్క్యూటు కాలవచ్చును.

ప్రింటరు కథ యింతకంటె చిక్కైనది. ల్యాప్‌టాపు వెనుక 25 రంధ్రముల వెడల్పైన పోర్టు కలదు. దీనిని సమాంతర పోర్టందురు. ఎనిమిదిమంది బాలురు చేయి చేయి పట్టుకొని వాకిలి దాఁటినట్లు, ఎనిమిది బిట్లు ఎనిమిది తీఁగలపై నొకేమాఱు పోవును. ప్రక్కనున్న 9 సూదుల సీరియల్ పోర్టున నొకదాని వెనుక నొకటి పోవును. క్రొత్త ప్రింటర్లకో, యూఎస్‌బీయే. యూఎస్‌బీకిని సమాంతర పోర్టునకును నడుమ వేయు కేబుళ్లు అంగళ్లలో దొరకును. కాని యవి క్రొత్త కంప్యూటరునకు పాత ప్రింటరును గలుపునవి. పాత కంప్యూటరునకు క్రొత్త ప్రింటరును గలుపనేరవు. దీని నెఱుఁగక డబ్బు పోఁగొట్టుకొనువారు పలువురు. ఒకవేళఁ గలిసినను, చౌక ప్రింటర్లు పుటయంతయు విండోసే చిత్రించి పంపవలెనని కాచుకొనియుండును. డాస్ పంపు వట్టి యక్షరములు వాని కర్థము కావు.

కావున బీరువామీఁది డాట్ మాట్రిక్సు ప్రింటరును దింపితిమి. దాని కేబులునకు ఒకవైపు 25 సూదుల మొన, వేఱొకవైపు 36 రేకుల సెంట్రానిక్స్ మొన. డ్రైవరు లేకయే, తొలి యాజ్ఞకే గరగర మనుచు వ్రాయనారంభించెను. ఆ చప్పుడునకు ప్రక్క తరగతివారు పాఠము మాని చూచిరి.

ఒక్క కొఱఁత. ఆ ప్రింటరు చిప్పున తెలుఁగు లిపి లేదు. తెలుఁగు కావలసిన, అక్షరములను జుక్కల బొమ్మలుగాఁ బంపవలెను, ఆ ప్రోగ్రామున కది రాదు. కావున పిల్లల పేర్లన్నియు నింగ్లీషు వ్రాఁతలోనే వచ్చినవి. ఇంటిపేర్లలో దీర్ఘమేదో హ్రస్వమేదో, ల యేదో ళ యేదో తెలియదు. పాత హాజరుపట్టీలు ముందిడుకొని, ప్రతి పేరు ప్రక్కను కలముతో తెలుఁగు వ్రాయుచున్నాము. 2004 వఱకు ముగిసినది. రిబ్బను వెలిసినందున, మిగిలిన యైదేండ్లకు క్రొత్తది తెప్పింపవలసియున్నది.