గడప దాటే ముందు

ఉద్యమాల కథలు చదివేటప్పుడు మనమందరం మనసులోనే ఊరేగింపులో నడిచేస్తాం. పుస్తకం చేతిలో ఉన్నంతసేపూ ధైర్యానికి కొదవేముంది? నాకు మాత్రం ఎప్పుడూ ఊరేగింపు కన్న, దాని ముందటి రాత్రి మీదనే ధ్యాస. వెళ్ళడమా, మానడమా అని ఇల్లాలు కూర్చుని లెక్కలు వేసుకునే రాత్రి అన్నమాట.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో మాంట్గొమరీ అనే ఊరుంది. 1955 నాటికి అక్కడి సిటీబస్సుల్లో ముందు వరసలు తెల్లవారివి, వెనక వరసలు నల్లవారివి. తెల్లవారికి చోటు చాలకపోతే నల్లవారు లేచి నిలబడాలి. ఆ ఏడు డిసెంబరు 1 న రోసా పార్క్స్ అనే నల్లజాతి స్త్రీ లేవనన్నదనీ, అరెస్టయిందనీ, ఊళ్ళోని నల్లవారంతా బస్సులెక్కడం మానేశారనీ మీరు వినే ఉంటారు. ఆ వెనక ఎందరు ఆడవాళ్ళు ఎన్ని విధాల ఆలోచించుకున్నారో, అది అంతగా వినపడదు.

ఆవిడ కన్న తొమ్మిది నెలల ముందే, మార్చి 2 న, క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ళ బడిపిల్ల అలాగే లేవనన్నది. పోలీసులు బస్సులోనుంచి లాక్కుపోయారు. పెద్దలు తర్జనభర్జనలు పడి, ఇంత చిన్నపిల్లను ముందుంచి పోరాటం నడపడం కుదరదనుకున్నారు. పార్క్స్ కప్పుడు 42 ఏళ్ళు. కేసు నడపడానికి ఒప్పుకుంటావా అని అడిగితే, ఆవిడ ఇంట్లో తల్లితోనూ భర్తతోనూ సంప్రదించింది. ఆమె ప్రాణానికే ముప్పని భర్త భయపడ్డాడు. అయినా చివరకు సరేనన్నది. నెల తిరిగేసరికి ఉద్యోగం పోయింది. 1957 లో ఊరే వదిలి వెళ్ళవలసివచ్చింది.

వీళ్ళందరిలోకీ నాకు దగ్గరగా తోచేది జో యాన్ రాబిన్సన్. ఆవిడా నాలాగే కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి. నావి తెలుగు పద్యాలు, ఆవిడది ఇంగ్లీషు, అంతే తేడా. 1949 లో బస్సుడ్రైవరు తిట్టిన తిట్లకు ఏడుస్తూ దిగిపోయింది. ఆ అవమానాన్ని ఆరేళ్ళు కడుపులో దాచుకున్నది. పార్క్స్ అరెస్టయిన రాత్రి, తోటి అధ్యాపకుడొకరినీ ఇద్దరు విద్యార్థులనూ వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళి, సైక్లోస్టైల్ మిషను మీద 30 వేలకు పైగా కరపత్రాలు తీసింది. తెల్లవారి ఎనిమిదింటికి క్లాసుంటే క్లాసూ చెప్పింది! కాలేజీ సర్కారువారిది, మిషనూ సర్కారుదే. పట్టుబడితే తన ఉద్యోగమే కాదు, కాలేజీకీ చేటే.

ఒకసారి పాఠం మధ్యలో ఈ సంగతి చెబితే, ఒక అమ్మాయి లేచి, "మీరైతే ఏం చేసేవారండీ?" అని అడిగింది.

"ఎంత పోతుందో లెక్క చూసుకుని చెబుతానమ్మా" అన్నాను.

క్లాసంతా గొల్లున నవ్వింది. నేను వేళాకోళానికి అనలేదు. జీతం మీద ఇల్లు నడిచేవాళ్ళకు లెక్క తప్పుతుందా? రాబిన్సన్ కూడా లెక్క చూసుకునే ఆ మిషను దగ్గరకు వెళ్ళి ఉంటుంది. చివరకు 1960 లో ఆ ఉద్యోగం వదులుకోవలసే వచ్చింది.

1956 ఫిబ్రవరిలో బస్సుల చట్టం మీద అయిదుగురు స్త్రీలు కోర్టుకెక్కారు. ఒకావిడ బెదిరింపులకు తట్టుకోలేక ఒకటి రెండు రోజుల్లోనే తప్పుకున్నది. ఆవిడను పిరికిదనడానికి నాకు నోరు రాదు. ఆ ఇంటి తలుపు ఎవరు తట్టారో, ఏమని బెదిరించారో అనుభవించినది ఆవిడే కదా. నిలిచిన నలుగురిలో మన క్లాడెట్ ఉన్నది. డెబ్బై దాటిన సూసీ మెక్డొనాల్డ్ అనే ముసలావిడా ఉన్నది. తెగువకు పడుచుదనమే కావాలని ఎవరన్నారు?

ఇక నలుగురికీ కనపడకుండా కలిసివచ్చినవాళ్ళు కొందరు. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ తోటి ఆడవాళ్ళను కూడగట్టి, కేకులూ భోజనాలూ అమ్మి, ఉద్యమానికి డబ్బు చేర్చింది. అందులో తెల్లవారి ఇళ్ళలో పనిచేసేవాళ్ళుండేవారు. పేరు బయటపడితే పని ఊడుతుంది. అందుకని ఆ సంఘానికి 'ఎక్కడిదీ కాని క్లబ్బు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. డబ్బెక్కడిదంటే, ఎక్కడిదీ కాదు! గడప దాటలేనివాళ్ళు వంటింట్లోనుంచే చెయ్యి కలిపారన్నమాట.

381 రోజులు బస్సులెక్కలేదు. 1956 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నలుగురి పక్షానే నిలిచింది. క్లాడెట్ మీది పాత కేసు రికార్డును మాత్రం 2021 లోగాని కొట్టివెయ్యలేదు. అప్పటికావిడకు 82 ఏళ్ళు. ఆ వయసులో అదెందుకని అడగవచ్చు. మార్పు సాధ్యమేనని ఇప్పుడెదుగుతున్న పిల్లలకు తెలియాలన్నది ఆవిడ కోరిక. ఆ పిల్లలకూ ఏదో ఒక రాత్రి ఈ లెక్క ఎదురవుతుంది. అప్పుడు పోయేదాని పక్కన, వచ్చేది కూడా వేసుకుని చూసుకుంటారు.